కడిగిన చేత్తో ఫోను పట్టుకోకు

తెనాలి

చి. స్వాతికి,

‘ఆ సిస్టరు ఎప్పుడు చూసినా ఫోనులోనే ఉంటుంది’ అని పేషెంటు తాలూకు వాళ్లు నీ మీద ఫిర్యాదు చేశారట, మీ నాన్న చెప్పి బాధపడ్డాడు. నువ్వు చూసేది సెలైన్ చుక్కల లెక్కేనని నాకు తెలుసు. వాళ్లకెలా తెలుస్తుందే? ఫోను తీసేముందు ‘అమ్మా, మందు లెక్క చూసుకుంటున్నా’ అని ఒక్క మాట అను, చాలు. ఆ లెక్క కూడా ఓసారి నోటితో వేసుకో. అర లీటరు సెలైను నాలుగు గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టు అయితే నిమిషానికి 42 చుక్కలు. నీకు 24 కనపడిందంటే కళ్లు నిద్రలో ఉన్నట్టు. రాత్రిళ్లు టీతోనే సరిపెడుతున్నావా? కాస్త అన్నం తిను తల్లీ.

ఫోను వద్దని నేననను. మా రోజుల్లో అర్ధరాత్రి గుండెనొప్పి కేసు వస్తే ఈసీజీ కాగితం పట్టుకుని వార్డుబాయ్ డాక్టరు గారింటికి సైకిలు తొక్కేవాడు. ఇప్పుడు ఫొటో పంపితే నిమిషంలో జవాబు. ఆ ఫొటో హాస్పిటల్ వాళ్లు చెప్పిన పద్ధతిలోనే పంపు, స్నేహితుల గ్రూపుల్లోకి పోనివ్వకు. ఫోనులో వచ్చిన ఆర్డరు తిరిగి చదివి వినిపించి, టైము వేసి కేస్‌షీట్లో రాయి, డాక్టరు రాగానే సంతకం పెట్టించు.

ఇక నా బెంగంతా చేతుల గురించే. మాకు డ్యూటీలో మోచేతి కింద ఏమీ ఉండనిచ్చేవారు కాదు. గడియారం కూడా తలకిందులుగా ఛాతీ మీద పిన్ను పెట్టుకునేవాళ్లం. నాడి చూసేటప్పుడు తల వంచితే చాలు, ముట్టుకునే పనే లేదు. కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతె గాజులు తీయనంది. మేట్రన్ పల్లెత్తు మాట అనలేదు. పక్కన నిలబడి సబ్బుతో చేతులు రుద్దించి, గాజుల కింద మిగిలిపోయిన మురికి చూపించింది. మర్నాడు ఆ పిల్లే గాజులు తీసేసి వచ్చింది.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తోటి డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే బాలింతల చావులు అమాంతం తగ్గాయి. మరి కడిగిన చేత్తో నువ్వు పట్టుకునే ఫోను సంగతో? నీ ఫోను క్యాంటీన్‌కి వస్తుంది, బాత్‌రూముకి వస్తుంది, పేషెంటు మంచం మీద పడుకుంటుంది, ఇంటికొచ్చి నీ దిండు పక్కన చేరుతుంది. డ్యూటీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కవరు ఊడదీసి, 70 శాతం ఆల్కహాల్ వైప్‌తో తుడువు. బ్లీచింగ్ జోలికి పోకు, తెర పాడవుతుంది. గ్లౌజు చేత్తో ఫోను ముట్టుకోకు. ఎంత తుడిచినా సరే, ఫోను తాకిన చేతిని శుభ్రం చేసుకోకుండా పేషెంటు మీద వెయ్యకు.

ఫిర్యాదు గురించి దిగులుపడకు, నీ పని నాకు తెలుసు. నీ ఫోనుకున్న ఆ పూసల కవరు మాత్రం ఇవాళే తీసెయ్యి. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను చూస్తాను.

నీ అత్తయ్య