ఉప్పు చెమర్చుట – యూరియా గడ్డకట్టుట

శ్రావణ భాద్రపదములలో వంటింటి కల్లుప్పు చెమర్చుట ఎల్లరకును తెలిసినదే. ఆ దినములలోనే చావిడిలోని యూరియా బస్తా బండవలె బిగిసిపోవును. రెంటికిని మూలము ఒక్కటే. చేబ్రోలు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు సముద్రమునకు చేరువ. వానకాలమున ఇచ్చటి గాలిలో చెమ్మ మెండు. కావున మన రైతు సోదరులు ఈ విషయమును తెలిసికొనుట లాభకరము.

ఉప్పు కల్లుపై సోడియం, క్లోరైడు అయానులు చదరంగపు గళ్లవలె ఒకటి విడిచి ఒకటి అమరియుండును. సోడియమునకు ధన విద్యుత్తు, క్లోరైడునకు ఋణ విద్యుత్తు కలదు. నీటి ఆవిరి అణువునకు ఆక్సిజన్ వైపు కొంత ఋణము, హైడ్రోజన్ వైపు కొంత ధనము ఉండును. కావున ఆ అణువు ఆక్సిజన్ కొనను సోడియం వైపునకు త్రిప్పి కూర్చుండును. తాడు పట్టి నాటిన వరి వలె అణువులు తమ తమ చోట్ల నిలుచును. అన్ని వాయువులును ఒకే తీరున అమరవు. మిక్కిలి చల్లని స్థితిలో బొగ్గుపులుసు వాయువు అణువులు ఉప్పుపై ఏటవాలుగా ఒరిగి వరుసలు తీరును.

ఇట్లు వాయువు లోనికి ఇంకక పైభాగమున మాత్రమే అంటుకొనుటను అధిశోషణము అందురు. వాయువు ఒక అణువు మందము పొరగా అంటునను సిద్ధాంతమును లాంగ్‌మ్యూర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1918లో వివరించెను. ఆయనకు 1932లో నోబెల్ బహుమతి లభించెను.

గాలిలో చెమ్మ హెచ్చినకొలది పొరపై పొర చేరును. ఆర్ద్రత నూటికి 75 దాటినచో ఉప్పు ఆ నీటిలో తానే కరుగును. చినగంజాము వంటి తీరపు మళ్లలో పండు కల్లుప్పున మెగ్నీషియం క్లోరైడు కొంత మిగిలియుండుటచే అది ఇంకను ముందుగనే చెమర్చును.

యూరియా ఉప్పు కాకున్నను దాని గుళికలకును ఇట్టి హద్దు కలదు. 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆ హద్దు యూరియాకు సుమారు 73, అమ్మోనియం సల్ఫేటునకు 79, మ్యూరియేట్ ఆఫ్ పొటాషునకు 84. రాత్రి చెమ్మకు గుళికల పైభాగము కరుగును. పగలు ఆరినప్పుడు ఆ కరిగినది గుళికల నడుమ మరల గట్టిపడి వానిని అతికించును. గడ్డ కట్టినంత మాత్రమున నత్రజని పోదు, బస్తాను పారవేయరాదు. కాని గడ్డలను అట్లే చల్లినచో ఒకచోట పైరు మాడును, వేరొకచోట ఎరువు అందదు. కావున పొడిచేసి జల్లించి వాడవలెను.

పాటింపవలసిన జాగ్రత్తలు:

1. బస్తాలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడకు ఎడముగా ఉంచవలెను. ఎత్తుగా పేర్చరాదు.

2. వాన రోజులలోను, రాత్రులందును కొట్టు తలుపులు మూసియుంచి, ఎండ కాయు మధ్యాహ్నము తెరువవలెను.

3. విప్పిన బస్తా మూతిని వెంటనే బిగించి కట్టవలెను.

4. ఎరువులను కలిపి నిలువ చేయరాదు. కలిపినచో హద్దు తగ్గును. అమ్మోనియం నైట్రేటు హద్దు 59. దానిని యూరియాతో కలిపినచో ఆర్ద్రత 18కే చెమర్చును. సూపరు ఫాస్ఫేటుతో కలిపిన యూరియా ముద్ద యగును. కలుపవలసి వచ్చినచో చల్లునాడే కలుపవలెను.

కొట్టులో ఒక మూకుడున గుప్పెడు కల్లుప్పు పోసి ఉంచుడు. యూరియా కంటె ముందుగా అది చెమర్చును. అది తడియైన నాడు తలుపు మూయుడు, బస్తా విప్పకుడు. ఖర్చులేని ఈ సాధనము విలువైన ఎరువును కాపాడును.