పెరటి ఆక్వాపోనిక్స్: బోరుబావి నీటితో ఆరంభం

చేపల తొట్టిలోని వ్యర్థాలను మొక్కలకు పోషకాలుగా అందించి, మొక్కల మడిలో శుభ్రపడిన నీటిని తిరిగి చేపలకు చేర్చే సంయుక్త సాగు పద్ధతిని ఆక్వాపోనిక్స్ అంటారు. ఈ నిర్వచనంలో చేపలు, మొక్కలు కనిపిస్తాయి. వాటి నడుమ పని చేసే మూడవ జీవి, అంటే నత్రీకరణ బాక్టీరియా, కనిపించదు. నేను పరిశీలించిన వైఫల్యాలలో అధిక భాగం ఈ మూడవ జీవిని మరచిపోవడం వలన కలిగినవే. అందులో మొదటిది నా స్వంత పెరటిలోనే జరిగింది.

తొట్టి నింపిన రెండవ రోజునే నలభై చేప పిల్లలను విడిచాను. నీరు తేటగా ఉంది, మేత బాగానే తింటున్నాయి. తొమ్మిదవ నాటి తెల్లవారుజామున అన్నీ నీటిపై తేలి ఉన్నాయి. అప్పుడు గాని పరీక్ష చేయలేదు. ఉదజని సూచిక 8.4, మొత్తం అమ్మోనియా లీటరుకు 3 మిల్లీగ్రాములు. నత్రజని చక్రాన్ని తరగతి గదిలో ఏళ్ల తరబడి బోధించిన వాడిని తేట నీటిని చూసి మోసపోయాను. విస్తరణ శాస్త్రవేత్తలు ఒక గృహిణికో రైతుకో ఈ పద్ధతిని సూచించే ముందు ఆ తొమ్మిది రోజులలో ఏమి జరిగిందో తెలుసుకోవడం అవసరం.

అమ్మోనియా, ఉదజని సూచిక

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా దానిని నైట్రైట్‌గాను, నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ వంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషతుల్యం, మూడవది మొక్కలకు ఆహారం. కొత్త కంకరలో ఈ బాక్టీరియా దాదాపు ఉండవు. అవి నెమ్మదిగా పెరుగుతాయి కనుక తగినంత స్థాయికి చేరడానికి వారాలు పడుతుంది.

నీటిలోని అమ్మోనియా అంతా ఒకే విధంగా హాని చేయదు. అయాను రూపంలో ఉన్న అమ్మోనియం వలన ప్రమాదం తక్కువ, స్వేచ్ఛా అమ్మోనియా మాత్రం మొప్పలను దెబ్బతీస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో స్వేచ్ఛా రూపం ఒక శాతం లోపే. 8 వద్ద అది సుమారు ఏడున్నర శాతం, 8.5 వద్ద 20 శాతం. లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా చూపే ఒకే పరీక్షా ఫలితం ఒక ఊరి నీటిలో ఊరట కలిగించేది, మరొక ఊరి నీటిలో ప్రమాద సూచిక. రెండు విలువలనూ కలిపి చదవాలి.

ఇక్కడే మన ప్రాంతపు ప్రత్యేకత ముందుకు వస్తుంది. వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రకోసీ బృందం రూపొందించిన వ్యవస్థ ఈ రంగంలో పాఠ్య నమూనాగా నిలిచింది. అక్కడ వాడినది వర్షపు నీరు. దానిలో క్షారత్వం స్వల్పం కనుక నత్రీకరణ వలన ఉదజని సూచిక పడిపోతూ ఉంటుంది. దానిని నిలబెట్టడానికి కాల్షియం హైడ్రాక్సైడ్, పొటాషియం హైడ్రాక్సైడ్ మార్చి మార్చి కలపమని సిఫారసు. తెలంగాణ, రాయలసీమలలోని అనేక బోరుబావుల నీరు కఠినం, క్షారం. ఆ సిఫారసును యథాతథంగా తెచ్చి ఇటువంటి నీటిలో సున్నం కలిపితే జరిగేది హానియే.

ఒక లెక్క చూద్దాం. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారేటప్పుడు, కాల్షియం కార్బొనేట్ రూపంలో లెక్కించిన క్షారత్వం సుమారు 7 గ్రాములు ఖర్చవుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల క్షారత్వం గల బోరునీరు 700 లీటర్లలో ఉండే నిల్వ 210 గ్రాములు. రోజుకు 60 గ్రాముల మేత వేస్తే, 32 శాతం మాంసకృత్తులు గల మేతలో నత్రజని సుమారు 3 గ్రాములు. అందులో నీటికి చేరేది 2 గ్రాములనుకుంటే రోజుకు 14 గ్రాముల క్షారత్వం తరుగుతుంది. అయితే ఆవిరైన నీటికి బదులుగా రోజూ 20 లీటర్ల బోరునీరు పోస్తే 6 గ్రాములు తిరిగి చేరుతుంది. మొక్కలు నైట్రేట్‌ను గ్రహించేటప్పుడు మరికొంత తిరిగి వస్తుంది. కనుక ఉదజని సూచిక తగ్గడానికి మన నీటిలో నెలలు పట్టవచ్చు. ఆవిరి నష్టాన్ని పూడ్చడానికి నిల్వ చేసిన వాన నీటిని వాడడం అన్నిటికన్నా సులువైన మార్గం. మునిసిపల్ కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి గాలి కొడుతూ ఒకటి రెండు రోజులు నిలవ ఉంచాలి.

నిర్మాణం

ఆరంభకులకు ఇనుప చట్రంలో వచ్చే వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి చాలు. పై నుంచి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున కోసి, ఆ భాగాన్ని తిరగవేస్తే 1.2 చదరపు మీటర్ల మొక్కల మడి అవుతుంది. అడుగు భాగం 700 లీటర్ల చేపల తొట్టి. పాత ట్యాంకు కొనేటప్పుడు అంతకు ముందు దానిలో ఏమి నిల్వ ఉంచారో రూఢిగా తెలియనిదే తీసుకోకూడదు. నాచు పెరగకుండా తొట్టి బయటి వైపు వెలుతురు చొరని రంగు వేయాలి.

మడిలో 20 మిల్లీమీటర్ల నల్లరాయి కంకర నింపాలి. కడప, తాండూరు ప్రాంతాల నాపరాయి ముక్కలు చౌకగా దొరుకుతాయి గాని అవి సున్నపురాయి. గుప్పెడు కంకరపై వినెగర్ పోసి నురుగు వస్తే ఆ కంకర పనికిరాదు. మడి నిండి ఖాళీ అయ్యేందుకు బెల్ సైఫన్ అమర్చి, ఒకటిన్నర మీటరు ఎత్తుకు గంటకు 700 లీటర్లు ఎత్తగల చిన్న పంపు పెడితే తొట్టి నీరంతా గంటకొకసారి తిరుగుతుంది.

మిద్దెతోటల ఉత్సాహం ఎక్కువగా ఉన్న ఈ రోజులలో ఒక హెచ్చరిక తప్పదు. 30 సెంటీమీటర్ల కంకర మడి నీటితో కలిపి చదరపు మీటరుకు 550 కిలోలు దాటుతుంది. కిందనున్న తొట్టి బరువు దీనికి అదనం. మనుషులు తిరిగే ఇంటి పైకప్పుకు భారతీయ ప్రమాణాలు లెక్కించే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అందుచేత ఈ నమూనాను పెరటి నేలపైనే పెట్టాలి.

చేపలకు ముందు బాక్టీరియా

చేపలు లేకుండానే బాక్టీరియాను పెంచవచ్చు. కళాయి పోసేవారు వాడే నవాసారం అమ్మోనియం క్లోరైడే, అయితే మన పనికి శుద్ధమైన రకం తెచ్చుకోవాలి. 700 లీటర్లకు 5 గ్రాములు కలిపితే అమ్మోనియా నత్రజని లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు అవుతుంది. ఇప్పటికే నడుస్తున్న వ్యవస్థ నుంచి రెండు గుప్పెళ్ల కంకర దొరికితే పని త్వరపడుతుంది. పంపు ఆపకుండా రెండు రోజులకొకసారి అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించి పుస్తకంలో వ్రాయాలి. మొదట అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, తరువాత అదీ తగ్గుతుంది. అమ్మోనియా తగ్గినప్పుడల్లా మళ్లీ అదే మోతాదు ఇవ్వాలి. 5 గ్రాములు కలిపిన 24 గంటలలో రెండూ సున్నాకు చేరిన నాడు వ్యవస్థ సిద్ధమైనట్లు. మన ఉష్ణోగ్రతలలో ఇందుకు సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖాళీ తొట్టి చుట్టూ అన్ని వారాలు తిరగడం ఇంటివారికి విసుగే. పిల్లలుంటే పరీక్షా గొట్టాలలో రంగు మారడం చూసే పనిని వారికి అప్పగించడం మేలు.

చేపలు, మేత, కరెంటు

ఆక్వాపోనిక్స్‌లో మడి విస్తీర్ణం మేతను, మేత చేపల సంఖ్యను నిర్ణయిస్తాయి. ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత అని ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ 2014 నాటి సాంకేతిక పత్రం సూచిస్తుంది. అంటే మన మడికి 50 నుంచి 60 గ్రాములు. శరీర బరువులో 2 శాతం మేత చొప్పున ఇది 3 కిలోల చేపలకు సరిపోతుంది, అనగా 200 గ్రాముల బరువున పదిహేను చేపలు. బంగారు తీగ గాని కోయి గాని ఆరంభానికి అనువైనవి. కొర్రమీనుకు ధర ఉన్నా దాని మేత అలవాట్లు కొత్తవారికి కష్టం. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం.

పదిహేనే చేపలా అని అడిగేవారికి కరెంటు కోతను గుర్తు చేయాలి. ఈ చేపలు కిలోకు గంటకు సుమారు 300 మిల్లీగ్రాముల ప్రాణవాయువును వాడతాయనుకుందాం. లీటరుకు 6 మిల్లీగ్రాములున్న తొట్టిలో అది 3కు పడేలోగా అందుబాటులో ఉండేది 2.1 గ్రాములు. 3 కిలోల చేపలకు అది రెండు గంటలకు పైగా వస్తుంది, 10 కిలోలకు ముప్పావు గంటకు మించదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు తప్పనిసరి ఖర్చుగా అంచనాలో చేర్చాలి. ఎండాకాలంలో తొట్టికి నీడ కూడా అంతే అవసరం, ఎందుకంటే వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది.

మొదటి పంటగా తోటకూర, పాలకూర, పుదీనా వేయవచ్చు. టమాటను వ్యవస్థ స్థిరపడిన తరువాతనే తలపెట్టాలి. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పచ్చగా మారితే అది ఇనుప ధాతు లోపం. చేపల మేతలో ఇనుము తక్కువ, పైగా క్షార జలంలో అది అవక్షేపమవుతుంది. ఈ లక్షణాన్ని నత్రజని లోపంగా భావించి మేత పెంచడం తరచుగా జరిగే పొరపాటు. ఉదజని సూచిక 7.5 దాటిన నీటిలో ఇ.డి.టి.ఎ. ఇనుము నిలవదు. ఇ.డి.డి.హెచ్.ఎ. రూపం ఖరీదైనా అదే వాడాలి. 6 శాతం ఇనుము గల పొడి 23 గ్రాములు 700 లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాములు అందిస్తుంది. నీరు ఎర్రబారడం చూసి కంగారు పడనవసరం లేదు.

పేనుబంక కనిపించగానే వేపనూనె పిచికారీ చేయడం మన పెరటి అలవాటు. ఇక్కడ మాత్రం ఆ నూనె, దానితో కలిపే సబ్బు నేరుగా చేపల తొట్టిలోకి దిగుతాయి. ఆకులను నీటి ధారతో కడగాలి, పురుగు పట్టిన కొమ్మను తుంచివేయాలి. రెండవసారి నా తొట్టి సిద్ధం కావడానికి ముప్పై నాలుగు రోజులు పట్టింది. ముప్పై అయిదవ నాడు పదిహేను బంగారు తీగ పిల్లలను విడిచి, ఆ తరువాత మూడు వారాల పాటు ప్రతి ఉదయం అమ్మోనియా, నైట్రైట్, ఉదజని సూచిక మూడింటినీ పరీక్షించి వ్రాసుకున్నాను. ఆ పట్టికనే ఇప్పుడు విద్యార్థులకు మొదటి ప్రయోగ పాఠంగా ఇస్తున్నాను.