ఆకు కషాయముతో లోహపు సూక్ష్మకణములు: రైతులు గ్రహింపవలసిన సంగతులు

ఆకుల కషాయముతో వెండి, రాగి మొదలగు లోహములను అతిసూక్ష్మ కణములుగా చేయు పద్ధతిని శాస్త్రజ్ఞులు హరితపద్ధతి యనుచున్నారు. ఈ కణములకు నానోకణములని పేరు. పంట తెగుళ్లకు ఇవి పనికివచ్చునా యని పరిశోధనలు జరుగుచున్నవి గావున, మన సభ్యులకు వీని స్వరూపమును తెలుపదలచితిమి.

నానోకణము పరిమాణము 1 మొదలు 100 నానోమీటర్లు. 6 మిల్లీమీటర్ల బియ్యపుగింజ పొడవున 100 నానోమీటర్ల కణములు 60,000 వరుసగా పట్టును.

తయారీ విధమెట్లనగా: సిల్వర్ నైట్రేటు కలిపిన నీటిలో వెండి ఉప్పురూపమున కరగియుండును. వేపాకు కషాయమును వడగట్టి అందు కలిపినచో, ఆకులోని కొన్ని పదార్థములు దానిని మరల లోహముగా మార్చును. మరికొన్ని కణములకు పూతవలె అంటుకొని, అవి ముద్దకట్టకుండ కాపాడును. నీరు పసుపు, గోధుమ వన్నెలకు మారుటయే గుర్తు. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలవారు 2004లో వేపాకుతో చేసిన ఇట్టి ప్రయోగమును ప్రకటించిరి. సోడియం బోరోహైడ్రైడు వంటి విషపదార్థముతో పనిలేకుండుటయే ఇందలి మేలు.

అయితే కషాయము మార్చునది తయారీ విధమునేగాని లోహ స్వభావమును గాదు. వెండి తెగులు క్రిములను చంపునట్లే, నేలలో పైరుకు నత్రజని నందించు మేలి సూక్ష్మజీవులకును కీడు చేయగలదు. లోహము ఆకువలె కుళ్లి మన్నైపోదు. మోతాదును ముఖ్యమే. తిరుపతి శాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన వేరుసెనగ ప్రయోగమున జింకు ఆక్సైడు నానోకణములు లీటరుకు 1000 మిల్లీగ్రాముల చొప్పున మొలకకు తోడ్పడెను. 2000 అయినప్పుడు ఎదుగుదలకు అడ్డుపడెను. అవి ఆకుతో చేసినవి కాకున్నను, మోతాదు నీతి ఒక్కటే.

సంగారెడ్డి, పటాన్‌చెరు రైతులకు వ్యర్థజలముల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కర్మాగారముల నీరు నక్కవాగున చేరి పొలములను, బావులను చెరచిన వివాదము 1990లో సర్వోన్నత న్యాయస్థానమునకు చేరెను. అచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రము విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెనని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. అది రోగికి ప్రాణము నిలుపు మందే. వాగులో చేరినప్పుడు మందులకు లొంగని క్రిములను పెంచునదాయెను. వస్తువు మంచిదైనను, దాని కడుగునీరు ఎచ్చటికి పోవునో విచారింపవలెను.

కావున సభ్యులు ఈ క్రింది విషయములు పాటింపవలెనని మేము కోరుచున్నాము.

1. ఆకుమందని చెప్పినంత మాత్రమున ఏ ద్రవమును కొనరాదు. లోహము పేరు, మోతాదు, ప్రభుత్వ రిజిస్ట్రేషను సంఖ్య సీసాపై ఉన్నవో లేదో చూచి, రసీదు తీసికొనవలెను.

2. సిల్వర్ నైట్రేటు చర్మమును, కన్నులను కాల్చునది. దీనిని ఇంట తయారుచేయ బూనరాదు.

3. పిచికారీ పంపు కడిగిన నీటిని బావిలోగాని, కాలువలోగాని, చెరువులోగాని పోయరాదు.

4. ఊరికి దాపున ఇట్టి కణముల తయారీశాల వెలయునెడల, దాని వ్యర్థజలము పోవు దారిని గూర్చి సంఘము పక్షమున ముందుగనే వ్రాతమూలకముగ ప్రశ్నింపవలెను.

క్రొత్త విద్యను త్రోసివేయవలదు. నేలను, నీటిని పణముగా ఒడ్డి దానిని చేకొననువలదు.