యూరియా నత్రజని నష్టం – ఉష్ణగతికశాస్త్ర మౌలిక భావనలు

పిచికారీ కోసం యూరియాను నీటిలో కరిగించినప్పుడు ద్రావణం చల్లబడుతుంది. ఈ నిత్యానుభవం నుండే రసాయన ఉష్ణగతికశాస్త్రంలోని మూడు ప్రధాన రాశులైన ఎంథాల్పీ, ఎంట్రోపీ, గిబ్స్ శక్తులను వివరించవచ్చును.

పరిశీలనకు ఎన్నుకున్న యూరియా, నీరు కలిసి వ్యవస్థ, మిగిలినదంతా పరిసరాలు. స్థిర పీడనం వద్ద వ్యవస్థ గ్రహించిన లేదా విడుదల చేసిన ఉష్ణమే ఎంథాల్పీ మార్పు. ఒక మోల్ యూరియా, అనగా 60 గ్రాములు, కరగడానికి సుమారు 15 కిలోజౌళ్ల ఉష్ణం అవసరం. కనుక ఇది ఉష్ణగ్రాహక చర్య. శక్తిని కోరుతున్నప్పటికీ యూరియా తనంతట తానే ఎందుకు కరుగుతున్నది? స్ఫటికంలో క్రమబద్ధంగా ఉన్న అణువులు నీటిలో చెదిరిపోవడం వలన ఎంట్రోపీ పెరుగుతుంది. ఎంథాల్పీ మార్పు నుండి, పరమ ఉష్ణోగ్రత, ఎంట్రోపీ మార్పుల లబ్ధాన్ని తీసివేయగా వచ్చేది గిబ్స్ శక్తి మార్పు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ లబ్ధం సుమారు 21 కిలోజౌళ్లు. కావున గిబ్స్ శక్తి మార్పు సుమారు మైనస్ 6 కిలోజౌళ్లు. స్థిర ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఈ విలువ రుణాత్మకమైతే చర్య అయత్నీకృతం.

అయత్నీకృతమంటే వేగవంతమని అర్థం కాదు. విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. యూరియా జలవిశ్లేషణ కూడా అయత్నీకృతమే. అయినా యూరియేజ్ ఎంజైమ్ లేని శుద్ధ జలంలో అది అతి మందకొడిగా జరుగుతుంది. నేలలో యూరియేజ్ దానిని కొద్ది రోజులలోనే పూర్తిచేస్తుంది. ఎంజైమ్ చర్య వేగాన్ని మార్చునే గాని గిబ్స్ శక్తి మార్పును మార్చదు.

జలవిశ్లేషణ వలన ఏర్పడిన అమ్మోనియం, అమ్మోనియాల మధ్య సమతాస్థితి నెలకొంటుంది. 25 డిగ్రీల వద్ద ఉదజని సూచిక 7 అయినప్పుడు అమ్మోనియా వాటా ఒక శాతం లోపే. 8 వద్ద సుమారు 5 శాతం, 9 వద్ద సుమారు 36 శాతం. వరి మడిలో నాచు పగటివేళ కార్బన్ డయాక్సైడును గ్రహించడం వలన నీటి ఉదజని సూచిక 9 వరకు, ఒక్కొక్కప్పుడు ఆపైకి కూడా చేరుతుంది. అమ్మోనియం విఘటనం ఉష్ణగ్రాహకం కనుక ఎండ వేడిమి సైతం అమ్మోనియా వాటాను పెంచుతుంది. మడి వివృత వ్యవస్థ. వెలువడిన అమ్మోనియాను గాలి తీసుకొనిపోవడంతో చర్య అదే దిశలో కొనసాగుతుంది.

చర్య జరిగే పరిస్థితులను, వేగాన్ని మార్చడం మాత్రం యాజమాన్యం చేతిలో ఉన్నది. మడిలో నీటిని తీసివేసి, బురద పదునులో యూరియా వేసి మట్టిలో కలిపినట్లయితే అమ్మోనియం బంకమన్ను రేణువులకు అంటిపెట్టుకొని, మడి నీటిలో దాని గాఢత తగ్గుతుంది. దఫదఫాలుగా వేయడం వలన కూడా ఇదే ప్రయోజనం. యూరియేజ్ నిరోధకాలు జలవిశ్లేషణ వేగాన్ని తగ్గిస్తాయి. వేపపూత ప్రధానంగా అమ్మోనియం నైట్రేటుగా మారడాన్ని మందగింపజేస్తుంది. కావున వేపపూత ఉన్నదన్న ధీమాతో నిలువ నీటిలో యూరియా చల్లడం సరికాదని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ప్రత్యేకంగా తెలియజేయవలసి ఉన్నది.