పాట ముందే అయిపోతోందా? స్లైడ్ షోకి లెక్క కట్టండి

నెలాఖరు వచ్చిందంటే ప్రభుత్వ కార్యాలయాల్లో, బడుల్లో, బ్యాంకుల్లో పదవీ విరమణ సభలు మొదలవుతాయి. శాలువా, పూలదండలు, మైకు సెట్టు, టిఫిన్లు ఎవరో ఒకరు చూసుకుంటారు. ‘సారు ఫొటోలకి పాట పెట్టి చిన్న స్లైడ్ షో చెయ్యమ్మా’ అనే పని మాత్రం కంప్యూటరు కాస్త తెలిసిన జూనియర్ అసిస్టెంటు నెత్తినే పడుతుంది. నలభై ఫొటోలు, ఒక పాట, అంతేగా అనుకుంటారంతా. తీరా సభలో సారు పెళ్లిఫొటో దగ్గరే పాట అయిపోతుంది. మిగతా ముప్పై ఏళ్ల సర్వీసూ మూగగా నడుస్తుంది. లేదంటే మూడో ఫొటో దగ్గర తెర ఆగిపోయి, ఎవరో పరుగెత్తుకెళ్లి మౌస్ నొక్కాల్సి వస్తుంది. ఇంట్లో చక్కగా మోగిన పాట అక్కడి ల్యాప్‌టాప్‌లో నోరే విప్పకపోవడం ఇంకో రకం.

ఇవన్నీ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి కానీ చాలావాటికి మూలం ఒక్కటే. పవర్‌పాయింట్‌లో స్లైడ్లు ఒక గడియారం చూసుకుని నడుస్తాయి, పాట ఇంకో గడియారం చూసుకుని నడుస్తుంది. రెంటినీ కలిపి కట్టే తాడు ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఒక స్లైడ్ రెండు సెకన్లు ఆలస్యమైతే పాట దాని కోసం ఆగదు. కాబట్టి ముందు మీరు తేల్చుకోవాల్సింది, పాటను బట్టి ఫొటోలు నడవాలా, ఫొటోలను బట్టి పాట నడవాలా అన్నది. నా ఓటు పాటకే. ఫొటో ఒక సెకను ఎక్కువున్నా ఎవరూ గమనించరు. పాట చరణం మధ్యలో తెగితే మాత్రం సభంతా తల తిప్పి ఆపరేటర్ వైపు చూస్తుంది.

పాటను బట్టి నడపాలంటే చిన్న భాగహారం చాలు. పాట 4 నిమిషాల 10 సెకన్లు అనుకోండి, అంటే 250 సెకన్లు. ఫొటోలు 40. ఒక్కో ఫొటోకి 6.25 సెకన్లు వస్తాయి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, ట్రాన్సిషన్స్ ట్యాబ్‌లో ఉన్న రెండు కాలాలనూ ఒకటే అనుకుని. డ్యూరేషన్ అంటే ఒక స్లైడ్ నుంచి ఇంకో స్లైడ్‌కి మారే విన్యాసానికి పట్టే సమయం. ఆఫ్టర్ అంటే మారాక ఆ స్లైడ్ తెర మీద నిలిచే సమయం. మొదటిది రెండోదానికి అదనంగా కలుస్తుంది. డ్యూరేషన్ 1.25 సెకన్లు ఉంటే ఆఫ్టర్‌లో 6.25 కాకుండా 5 సెకన్లే పెట్టాలి. ఆ 1.25ను లెక్కలోకి తీసుకోకపోతే 40 ఫొటోలకీ కలిపి 50 సెకన్లు తేడా వస్తుంది. పాట అయిపోయాక ఆరేడు ఫొటోలు మిగిలిపోవడం వెనక రహస్యం సాధారణంగా ఇదే. లెక్క కుదిరిందో లేదో తెలుసుకోవడానికి షో మొత్తం చూడనక్కర్లేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పది స్లైడ్లు నడిపి చూడండి. అరవై రెండు, అరవై మూడు సెకన్ల మధ్య వస్తే సరిపోయినట్టే.

ఆఫ్టర్ గడిలో అంకె వేసేటప్పుడు కూడా కాస్త కళ్లు పెట్టాలి. అందులో మొదట నిమిషాలు, కోలన్ తర్వాత సెకన్లు, చుక్క తర్వాత సెకనులో భాగాలు. 00:05.00 అంటే అయిదు సెకన్లు. అయిదు కోలన్‌కి ఎడమవైపు పడిందా, ఆ ఫొటో అయిదు నిమిషాలు కదలదు. అంకె సరిచూసుకున్నాక అప్లై టు ఆల్ నొక్కితే అన్ని స్లైడ్లకీ అదే కాలం వస్తుంది. అయితే అది అంతకుముందు మీరు విడిగా చేసుకున్న మార్పులన్నిటినీ తుడిచేస్తుంది. కాబట్టి ముందు అన్నిటికీ ఒకేలా పెట్టేసి, తర్వాతే కుటుంబం గ్రూప్ ఫొటోకి రెండు సెకన్లు పెంచుకోవడం లాంటివి చేసుకోవాలి. పెంచినంతా ఇంకెక్కడో తగ్గించాలన్నది మాత్రం మరవొద్దు.

తెర మధ్యలో ఆగిపోయి క్లిక్ కోసం ఎదురుచూస్తోందంటే ఆ స్లైడ్‌కి ఆఫ్టర్ టిక్ లేదని అర్థం. ఆన్ మౌస్ క్లిక్ ఒక్కటే ఉంది. ఇది ఎక్కువగా చివరి నిమిషంలో వేరే ఫైల్ నుంచి తెచ్చి అతికించిన స్లైడ్లలో జరుగుతుంది. వెతకడానికి స్లైడ్ సార్టర్ వ్యూ తెరవండి. ఒక్కో బుల్లి స్లైడ్ కింద దాని కాలం కనిపిస్తుంది, కాలం లేని స్లైడ్ వెంటనే దొరికిపోతుంది. రిహార్స్ టైమింగ్స్ వాడినవాళ్లకి ఈ వ్యూ మరీ అవసరం. ఆ పద్ధతిలో మీరు ఒక్కో స్లైడ్ మీద ఎంతసేపు ఉంటే అంత కాలం నమోదవుతుంది. మధ్యలో ఫోన్ వచ్చి మాట్లాడారనుకోండి, ఆ స్లైడ్ కింద 48 సెకన్లు అని రాసి ఉంటుంది. సభలోనూ అది అంతసేపే నిలబడుతుంది.

ఒక్క స్లైడ్ కాదు, అసలు ఏ స్లైడూ దానంతటది కదలడం లేదంటే ఆఫ్టర్ గడులతో కుస్తీ పట్టకండి. స్లైడ్ షో ట్యాబ్‌లో యూజ్ టైమింగ్స్ అనే టిక్ తీసేసి ఉందేమో చూడండి. సెటప్ స్లైడ్ షోలో మాన్యువల్లీ అని ఉన్నా ఇదే జరుగుతుంది. అంతకుముందు ఆ ఫైల్ మీద ఎవరో ఉపన్యాసం ఇచ్చి ఉంటారు.

లెక్కంతా సరిగా ఉన్నా షో ఈడ్చుకుంటూ నడుస్తోందా? తప్పు ఫొటోల బరువులో ఉండొచ్చు. ఇప్పటి ఫోన్లలో తీసిన ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. అలాంటివి అరవై పెడితే ఫైల్ రెండు వందల ఎంబీలు దాటిపోతుంది. ఆఫీసులో ఉండే పాత కంప్యూటరు ఆ బరువు మోయలేక ప్రతి మార్పు దగ్గరా తడబడుతుంది. ఏదైనా ఫొటోని ఎంచుకుని పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్ నొక్కి, ఈ ఒక్క ఫొటోకే అన్న టిక్ తీసేసి, 150 పీపీఐ ఎంచుకోండి. హాల్లో తెర మీద తేడా తెలియదు. గుండ్రంగా తిరిగే, కాగితంలా నలిగే ట్రాన్సిషన్ల జోలికి కూడా పోకండి. అవి కంప్యూటరుకి భారం, చూసేవాళ్లకి తలనొప్పి. ఫేడ్ ఒక్కటి చాలు.

ఇక పాట సంగతి. ఇన్సర్ట్, ఆడియో ద్వారా పాటను మొదటి స్లైడ్‌లో పెడతారు. రెండో స్లైడ్ రాగానే పాట ఆగిపోతుంది. ఎందుకంటే మీరు ఇంకోలా చెప్పేదాకా పాట ఆ ఒక్క స్లైడ్‌కే చెందుతుంది. స్పీకర్ బొమ్మని ఎంచుకుని ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ప్లే ఇన్ బ్యాక్‌గ్రౌండ్ నొక్కితే నాలుగు పనులు ఒకేసారి అవుతాయి: పాట దానంతటదే మొదలవుతుంది, అన్ని స్లైడ్ల మీదా సాగుతుంది, అయిపోతే మళ్లీ మొదలవుతుంది, స్పీకర్ బొమ్మ దాక్కుంటుంది. ఇందులో మూడోది, అంటే లూప్ అంటిల్ స్టాప్డ్ అన్న టిక్, మీరు లెక్క కట్టి చేసిన షోలో అక్కర్లేదు, తీసేయండి. జనం వచ్చి కూర్చునేదాకా తెర మీద తిరుగుతూ ఉండే షో అయితే ఉంచుకోండి. అక్కడే పాట మొదట్లో, చివర్లో ఫేడ్ పెట్టే గడులు ఉంటాయి. చివర మూడు సెకన్ల ఫేడ్ పెడితే పాట గొంతు నొక్కినట్టు ఆగదు.

కొత్త వెర్షన్లలో ఆడియో పెట్టగానే స్టార్ట్ దగ్గర ఇన్ క్లిక్ సీక్వెన్స్ అని ఉంటుంది. అంటే మీరు నొక్కితేనే మోగుతుంది. దాన్ని ఆటోమేటికల్లీకి మార్చాలి. మార్చాక కూడా పాట ఆలస్యంగా మొదలవుతుంటే యానిమేషన్ పేన్ తెరిచి చూడండి. సారు పేరు అక్షరం అక్షరంగా ఎగిరొచ్చే యానిమేషన్ ముందుండి, పాట దాని కింద వరసలో ఉంటుంది. పాటను అన్నిటికన్నా పైకి లాగి, విత్ ప్రీవియస్ అని పెడితే రెండూ కలిసే మొదలవుతాయి. పాట అస్సలు రాకపోతే షో ఎక్కణ్నుంచి మొదలుపెట్టారో కూడా చూసుకోండి. షిఫ్ట్, ఎఫ్5 నొక్కితే షో ఉన్న స్లైడ్ నుంచి మొదలవుతుంది. పాట మొదటి స్లైడ్‌లో ఉంది కాబట్టి మోగదు. ఎఫ్5 ఒక్కటే నొక్కితే మొదటి నుంచి వస్తుంది.

రెండు పాటలు కావాలనేవాళ్లూ, మధ్యలో మనవరాలు మాట్లాడిన వీడియో పెట్టాలనేవాళ్లూ ఉంటారు. వీడియో వచ్చినప్పుడు వెనక పాట ఆగకుండా మోగుతూ మాటల్ని మింగేస్తుంది. యానిమేషన్ పేన్‌లో పాట ఎఫెక్ట్ ఆప్షన్స్ తెరిచి, స్టాప్ ప్లేయింగ్ దగ్గర ఎన్ని స్లైడ్ల తర్వాత ఆగాలో అంకె వేయాలి. వీడియో తర్వాతి స్లైడ్‌లో రెండో పాటను కొత్తగా పెట్టాలి. వీడియో లేకుండా రెండు పాటలే అయితే ఈ తిప్పలు పడకుండా ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెంటినీ ఒకే ఫైల్‌గా అతికించి, ఆ మొత్తం కాలానికే భాగహారం చేసుకోవడం మేలు. పాటల యాప్‌లో ఆఫ్‌లైన్ వినడానికి దించుకున్న పాట ఆ యాప్‌లోనే మోగుతుంది, దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టలేరు. మామూలు ఎంపీ3 గానీ ఎం4ఏ గానీ కావాలి.

ఇంట్లో మోగి అక్కడ మోగని పాటల్లో ఎక్కువభాగం పాత ఫైళ్లవే. పవర్‌పాయింట్ 2007 వరకు ఎంపీ3 ఫైల్ లోపల చేరేది కాదు, అది ఎక్కడుందో దారి మాత్రమే గుర్తుండేది. పెన్‌డ్రైవ్‌లో పీపీటీ ఒక్కటే వేసుకుని వెళితే పాట ఇంట్లోనే ఉండిపోయేది. 2010 నుంచి పాట ఫైల్‌లోనే చేరుతోంది. అయినా పాత సభకి చేసిన ఫైల్‌నే తెరిచి ఫొటోలు మార్చి వాడే అలవాటు మనకుంది, ఆ పాత లింకు దాంతోనే వస్తుంది. అలాంటప్పుడు పాటను తీసేసి మళ్లీ పెట్టండి. గూగుల్ స్లైడ్స్‌లో చేసేవాళ్లకి ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. పాట డ్రైవ్‌లో ఉంటుంది కాబట్టి చూపించే ఖాతాకి ఆ పాట ఫైల్ మీద కూడా అనుమతి ఉండాలి, హాల్లో నెట్ ఉండాలి. ఆటో ప్లేలో అన్ని స్లైడ్లకీ ఒకటే కాలం, అదీ వాళ్లిచ్చిన అంకెల్లోంచే ఎంచుకోవాలి. మన 6.25 లెక్క అక్కడ పనిచేయదు.

ఇన్ని తిప్పలకీ మందు ఒకటుంది, షోని వీడియోగా మార్చేయడం. ఫైల్, ఎక్స్‌పోర్ట్, క్రియేట్ ఎ వీడియో. 2013 వెర్షన్ నుంచి ఎంపీ4 వస్తుంది. వీడియో అయ్యాక స్లైడ్ల కాలం, పాట కాలం ఒకే ఫైల్‌లో గడ్డకట్టుకుపోతాయి, ఏ కంప్యూటర్లో నడిపినా తేడా రాదు. టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చినా నడుస్తుంది. క్రియేట్ ఎ వీడియో దగ్గర యూజ్ రికార్డెడ్ టైమింగ్స్ అండ్ నేరేషన్స్ అన్నది ఎంచుకోకపోతే మీరు పెట్టిన కాలాలన్నీ పక్కన పెట్టి ఒక్కో స్లైడ్‌కి అయిదు సెకన్లే ఇస్తుంది, చూసుకోండి. తయారవడానికి చాలాసేపు పట్టొచ్చు. కింద గీత పూర్తిగా నిండేదాకా పవర్‌పాయింట్ మూయకూడదు. వీడియోని వాట్సాప్‌లో పంపాల్సివస్తే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది. ప్రతి తబలా దెబ్బకీ ఒక ఫొటో మారాలన్నంత పట్టుదల ఉంటే మాత్రం పవర్‌పాయింట్ దానికి తగదు. విండోస్ 11లో వచ్చే క్లిప్‌చాంప్ లాంటి వీడియో ఎడిటర్‌లో పాట అలలు కళ్లకి కనిపిస్తాయి, ఫొటోని వాటికి జరుపుకోవచ్చు. ఒకప్పుడు అందరూ వాడిన మూవీ మేకర్‌ని మైక్రోసాఫ్ట్ 2017లో ఆపేసింది. ఎవరైనా డౌన్‌లోడ్ లింక్ పంపినా దాని జోలికి వెళ్లొద్దు.

హాల్లో శబ్దం రాకపోతే ముందుగా అనుమానించాల్సింది హెచ్‌డీఎంఐ వైరుని. అది గుచ్చగానే ల్యాప్‌టాప్ శబ్దాన్ని కూడా ప్రొజెక్టర్‌కే పంపడం మొదలుపెడుతుంది. ప్రొజెక్టర్‌కి స్పీకర్ ఉండదు, ఉన్నా దోమంత గొంతు. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు దగ్గర అవుట్‌పుట్‌ని మళ్లీ హెడ్‌ఫోన్ జాక్‌కి మార్చి, అక్కణ్నుంచి మైకు సెట్టుకి వైరు ఇవ్వండి. వాద్యాలు వినిపిస్తూ గాయకుడి గొంతు మాయమైతే పాట తప్పు కాదు, పిన్ను సగమే దిగింది. గట్టిగా నొక్కండి. గుయ్యిమని హోరు వస్తుంటే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు ఆగిపోతుంది. బ్లూటూత్ స్పీకర్ అయితే పాటలో మొదటి సెకను మింగేయడం మామూలే. మొదట రెండు మూడు సెకన్ల నల్ల స్లైడ్ పెట్టి పాటను రెండో స్లైడ్ నుంచి మొదలుపెడితే సరిపోదు, స్పీకర్ శబ్దం వచ్చాకే మేలుకుంటుంది. ఆడాసిటీలోనే పాటకి ముందు ఆ రెండు సెకన్ల నిశ్శబ్దాన్ని అతికించుకోండి, భాగహారంలో వాటినీ కలుపుకోండి.

సభ రోజు పెన్‌డ్రైవ్‌లో ఎంపీ4తో పాటు అసలు పీపీటీ ఫైల్‌నీ, పాటనీ ఒకే ఫోల్డర్‌లో వేసుకెళ్లండి. సభ మొదలయ్యే అరగంట ముందు ఎవరో ఒకరు 1988 నాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఫోన్‌లో పట్టుకుని రావడం ఖాయం. అప్పుడు వీడియోని మళ్లీ చేయడానికి కూర్చోకండి. కుదిరిన లెక్కని చెడగొట్టకుండా, వీడియో అయిపోయాక ఆ ఫొటో ఒక్కదాన్నీ విడిగా తెర మీద పెట్టి, తెచ్చినాయన్నే మైకు దగ్గరికి పిలిచి దాని గురించి చెప్పమనండి.