లష్కర్: పదిమంది కట్టిన ఊరు

సికింద్రాబాద్‌ను పాతవాళ్లు లష్కర్ అంటారు. లష్కర్ అంటే సైన్యం.

హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లీషు సైన్యం డేరాలు వేసింది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఆ చోటికి సికింద్రాబాద్ అని పేరొచ్చింది.

సైన్యం ఒక్కటే వస్తే సరిపోతుందా? బియ్యం కావాలి. బట్టలు కావాలి. బరువులు మోసేవాళ్లు కావాలి. అందుకే తమిళులు వచ్చారు. మార్వాడీలు, గుజరాతీలు, పార్సీలు వ్యాపారానికి వచ్చారు. 1874లో రైలు వచ్చింది. రైలు పనికి ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. పల్లెల నుంచి మన కూలీలూ వచ్చారు. గుడి, మసీదు, చర్చి, పార్సీల అగ్ని ఆలయం వెలిశాయి.

మహంకాళి గుడి కథ వినండి. సురటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసేవాడు. 1813లో ఉజ్జయినిలో ఉండగా గత్తర వచ్చింది. జనం పిట్టల్లా రాలిపోయారు. రోగం తగ్గితే మా ఊళ్లో గుడి కడతామని అప్పయ్య అమ్మవారికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహం నిలిపాడు. ఈనాడు లష్కర్ బోనాలకు లక్షల మంది వస్తారు.

డోలీ మోసిన మనిషి ఊరికి పండుగ ఇచ్చాడు. బతకడానికి వచ్చినవాళ్లే ఊరిని బతికించారు. మరి వాళ్లను పరాయివాళ్లు అనొచ్చా?

చర్చించండి:
1. మీ వాడకు బయటి నుంచి ఎవరెవరు వచ్చారు?
2. వాళ్లు ఏ పని చేస్తున్నారు? ఆ పని ఆగితే మీకు ఏమవుతుంది?