బడికి పంపే ముందు బిడ్డ ఒంటికి నేర్పవలసిన అలవాట్లు

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మన ఓ.పి.లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "సిస్టర్, మా వాణ్ణి ఈ జూన్‌ల బడికి పంపుతున్నం." బ్యాగు కొన్నారు, బూట్లు కొన్నారు, యూనిఫాం కుట్టించారు. అఆలు, ఏబీసీడీలు కూడా చెప్పించేశారు. అప్పుడు నేను ఒక్కటే అడుగుతాను. "దొడ్డికి ఒక్కడే పోయి, కడుక్కుని వస్తాడా అమ్మా?" తల్లి నవ్వేస్తుంది. పక్కన ఉన్న నాయనమ్మ, "బడికి పోతే అదే వస్తది తియ్యి సిస్టరమ్మా" అంటుంది.

అదే రాదు. రానప్పుడు ఏమవుతుందో జూలై, ఆగస్టు నెలల్లో మేము చూస్తుంటాము.

కొన్నేళ్ళ క్రితం మిర్యాలగూడ వైపు నుంచి ఒక తల్లి తన బాబును తీసుకొచ్చింది. తల్లిదండ్రులిద్దరూ రైసుమిల్లులో పనిచేస్తారు. బాబుకు ఐదున్నర ఏళ్ళు, బడిలో చేరి ఆరు వారాలైంది. "విరేచనాలు ఆగుతలేవు సిస్టర్, రోజూ నిక్కరు పాడుచేసుకుంటున్నడు" అని చెప్పింది. మందుల షాపులో అడిగి విరేచనాలు కట్టే మందు కూడా వేసిందట. డాక్టరు గారు పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కి చూస్తే ఎడమవైపు కింద గట్టిగా ఉండలు తగిలాయి. ఆ బిడ్డకు ఉన్నది విరేచనాలు కాదు, మలబద్ధకం.

ఇది చాలామందికి తెలియదు కనుక కొంచెం వివరంగా చెబుతాను. మలం వచ్చినప్పుడు బిడ్డ బిగబట్టుకుంటే అది పేగులోనే ఉండిపోతుంది. పెద్దపేగు అందులోని నీటిని పీల్చుకుంటూ పోతుంది కాబట్టి రోజురోజుకీ గట్టిపడుతుంది. గట్టిపడిన మలం వచ్చేటప్పుడు నొప్పి పుడుతుంది. నొప్పికి భయపడి బిడ్డ ఇంకా బిగబడతాడు. కొన్నాళ్ళకు పేగు సాగిపోయి, నిండిన సంగతి కూడా బిడ్డకు తెలియకుండా పోతుంది. అప్పుడు పైనున్న పలుచని మలం ఆ గట్టి ఉండల పక్కనుంచి జారి నిక్కరులో పడుతుంది. బిడ్డకు తెలిసి చేసే పని కాదది. చూసేవాళ్ళకు విరేచనాల లాగే ఉంటుంది. దానికి కట్టే మందు వేస్తే జబ్బు రెండింతలవుతుంది. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కడం వల్ల మూత్రం పూర్తిగా పోదు. అలా నిలిచిన మూత్రంలో ఇన్‌ఫెక్షను చేరి జ్వరం వస్తుంది. ఆడపిల్లలకు ఈ బాధ మరీ ఎక్కువ.

ఇంతకూ ఆ బాబు ఎందుకు బిగబట్టాడు? ఇంట్లో ఉన్నప్పుడు నాయనమ్మ పది గంటలకు పెరట్లో కూర్చోబెట్టి, కడిగి తెచ్చేది. పది గంటలకు ఇప్పుడు బడిలో ఉన్నాడు. కొత్త నిక్కరు గుండీ వాడికి రాదు. బడి మరుగుదొడ్డి చీకటిగా ఉంది. టీచరును ఏమని అడగాలో తెలియదు. నిక్కరు పాడుచేసినందుకు ఇంట్లో రెండు దెబ్బలు కూడా పడ్డాయని తల్లి ఏడుస్తూ చెప్పింది. మలాన్ని మెత్తబరిచే మందు కొన్ని నెలలు వాడితే గాని వాడు కుదుటపడలేదు.

కాబట్టి, బడి తెరిచే లోపల ఈ ఒక్క అలవాటు మీద మీ శ్రమంతా పెట్టినా తప్పులేదు. అన్నం తిన్న తరువాత పెద్దపేగు దానంతట అదే కదులుతుంది. దేవుడు ఒంట్లోనే పెట్టిన గడియారమిది. పొద్దున టిఫిను తిన్న పది, పదిహేను నిమిషాలకు బిడ్డను దొడ్డికి కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు. వచ్చినా రాకపోయినా రోజూ అదే వేళకు కూర్చోవాలి. రాలేదని తిట్టవద్దు. కుర్చీ లాంటి కమోడ్ ఉన్న ఇంట్లో కాళ్ళు వేలాడకుండా కింద చిన్న పీట వేయండి. కింద కూర్చునే దొడ్డి అయితే చిన్న పిల్లలు ఆ గుంట చూసి జడుస్తారు. మొదట మీరు చెయ్యి పట్టుకుని నిలబడండి, తరువాత తలుపు దగ్గర, ఆ తరువాత తలుపు బయట. గడియ మాత్రం వేసుకోనివ్వవద్దు.

కడుక్కోవడం కూడా వాళ్ళ చేతనే చేయించండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కు కడుక్కోవడం నేర్పాలి, వెనక నుంచి ముందుకు కాదు. తరువాత సబ్బుతో రెండు చేతులూ, వేళ్ళ సందులు, గోళ్ళు, ఇరవై అంకెలు నిదానంగా లెక్కపెట్టేదాకా రుద్దుకోవాలి. అంకెలూ వస్తాయి, చేతులూ శుభ్రపడతాయి.

కోదాడ నుంచి వచ్చే ఒక తల్లి చేసిన పని నాకు చాలా నచ్చింది. యూనిఫాం మే నెలలోనే కుట్టించి రోజూ అరగంట ఇంట్లో తొడిగేది. గుండీ విప్పడం, పెట్టుకోవడం ఆటలాగా నేర్పింది. చేర్పించడానికి వెళ్ళిన రోజున బడి మరుగుదొడ్డి ఎక్కడుందో బిడ్డకు చూపించి, టీచరమ్మ ముందు "టీచర్, ఒంటికి పోవాలె" అని పాపతోనే అనిపించింది. గుండీ రాని బిడ్డకు ఎలాస్టిక్ నిక్కరు కుట్టించండి. బడివారు కాదంటే ఎందుకో చెప్పి అడగండి.

ఇక నిద్ర. పొద్దున టిఫిను తీరిగ్గా తిని, దొడ్డికి వెళ్ళి, ఆటో ఎక్కాలంటే బిడ్డ ఆరింటికి లేవాలి. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. అంటే రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకోవాలి. మన ఇళ్ళలో టీవీ సీరియళ్ళు, సెల్‌ఫోను అయ్యేసరికి పదిన్నర! ఒక్క రోజులో రెండు గంటలు మార్చలేము. మూడు రోజులకు పావుగంట చొప్పున ముందుకు జరపండి. రెండు గంటలు జరగడానికి 24 రోజులు పడుతుంది. జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు కాబట్టి మే మూడో వారం దాటకుండా మొదలుపెట్టాలి. ముందు పొద్దున త్వరగా లేపండి, రాత్రి నిద్ర దానంతట అదే త్వరగా వస్తుంది. పడుకునే గంట ముందు ఫోను తీసేయండి.

అన్నం సంగతి చెప్పాలంటే నా తప్పు నేనే ఒప్పుకోవాలి. నైట్ డ్యూటీలు చేసే రోజుల్లో, త్వరగా అవుతుందని మా అబ్బాయికి ఐదేళ్ళు వచ్చేదాకా నేనే తినిపించాను. బడిలో చేరిన మొదటి వారం టిఫిను డబ్బా మూత కూడా తీయకుండా తెచ్చాడు. కింద పడినా, మూతికి పూసుకున్నా, వాళ్ళ చేత్తో వాళ్ళను తిననివ్వండి. డబ్బా మూత, నీళ్ళ సీసా మూత తీయడం నేర్పండి. దొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసే పిల్లలున్నారు. సాయంత్రం సీసా నిండుగా తిరిగి వస్తే గమనించండి. సీసాలో పోసేది శుద్ధిచేసిన నీళ్ళే కావాలి. నల్లగొండ ప్రాంతంలో చాలా ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుందని, ఎనిమిదేళ్ళ లోపు అది ఒంట్లో ఎక్కువగా చేరితే రాబోయే పళ్ళు గారపడతాయని మనకు కొత్తగా చెప్పనక్కర లేదు. అందుకే ఈ వయసు పిల్లలకు టూత్‌పేస్టు బఠాణీ గింజంతే వేసి, మింగకుండా ఉమ్మివేయించండి.

ఇంట్లో చూసేవాళ్ళు లేకపోతే మూడేళ్ళు దాటిన బిడ్డను అంగన్‌వాడీకి పంపండి. పదిమందితో కూర్చుని తినడం, అడిగి బయటకు వెళ్ళడం అక్కడే అలవాటవుతుంది. వయసు ఎక్కువ వేయించి ఒకటో తరగతిలో కూర్చోబెట్టే తొందర వద్దు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలనే చెబుతోంది. ఐదేళ్ళు నిండగానే వేయించవలసిన డీపీటీ రెండో బూస్టరు మరిచిపోవద్దు.

బడిలో చేరాక మొదటి రెండు నెలలు, దొడ్డికి వెళ్ళావా అని రోజూ సాయంత్రం అడగండి. వరుసగా మూడు రోజులు వెళ్ళకపోయినా, మలంలో రక్తం కనబడినా, మూత్రానికి మంట అన్నా, నిక్కరుకు మరకలున్నా కొట్టకుండా డాక్టరుకు చూపించండి. పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్ళీ తడుపుతూ, దాహం ఎక్కువై, చిక్కిపోతుంటే అది చక్కెర వ్యాధి కావచ్చు. అప్పుడు మాత్రం రేపటి దాకా ఆగకుండా ఆ రోజే తీసుకురండి.